కూరల చాకుకి బొట్టు

మా ఆయన గంగరాజు ఏ పనైనా అవసరానికి మించి శుభ్రంగా చేస్తాడు. ఫ్యాక్టరీలో తనిఖీ ఉద్యోగం, ఇంట్లోనూ అదే వరస. మా నాన్నగారి పాత కారు ఇంజను పాడైపోతే, దగ్గర్లోని జయపురం నుంచి ఇంకో ఇంజను తెచ్చి మా క్వార్టరు ముందే మార్చాడు. అంతా బిగించాక తాళం తిప్పితే ఇంజను గిర్రున తిరుగుతుందేగాని అంటుకోదు. ప్లగ్గులో నిప్పురవ్వే లేదు. ప్లగ్గులు మార్చాడు, కాయిల్ మార్చాడు, వైర్లు మార్చాడు. రవ్వ మాత్రం రాలేదు.

ఈలోగా కాలనీ ఆఫీసువాళ్లు చెప్పేశారు. పనిముట్లకు చేసే విశ్వకర్మ పూజ నాటి సాయంత్రానికల్లా కదలని బళ్లన్నీ పాత ఇనుముకు పోతాయట. నేను నందపూర్ ఘాట్ రోడ్డు మలుపుల్లో డ్రైవింగు నేర్చుకున్నది ఆ కారు మీదే. దాన్ని ముక్కలు చేస్తారంటే నాకు ఏడుపొచ్చింది, వెంటనే మా ఆయన మీద కోపమూ వచ్చింది.

పూజనాడు పొద్దున్నే ఆయన పానాలూ స్క్రూడ్రైవర్లూ కడిగి, బొట్లు పెట్టి, బంతిపూలు వేసి వరండాలో పేర్చేశాడు. ఇక మర్నాటి దాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. కారు స్టార్టయ్యాక పూజ చేసుకోవచ్చన్న ఆలోచన ఆ బుర్రకు తట్టనే లేదు.

"మరి కారు ఏటి సేస్తారు?" అన్నాను.

"సాయంత్రం దాకా టైముంది కదే," అన్నాడు, చేతులు కట్టుకుని.

అంతలో ఆయనతో పనిచేసే బిశ్వజిత్ ప్రసాదం పట్టుకుని వచ్చాడు. పుట్టింది రాయగడలో, తెలుగు మాలాగే మాట్లాడతాడు, మా ఆయన్ని మాత్రం అన్నా అనకుండా దాదా అంటాడు. బానెట్ ఎత్తి చూసి ముచ్చటపడిపోయాడు.

"దాదా, లోపలంతా రంగేసేసేవా? ఎక్కడా సూదిమొనంత ఇనుము కనబడ్నేదు."

"ఇంజను దించినప్పుడు ఖాళీగా ఉంది కదాని రెండు కోట్లు కొట్టేను," అన్నాడు మా ఆయన గర్వంగా. అంటూనే గబుక్కున కాయిల్ పక్కకి వంగి చూశాడు.

కాయిల్ పక్కన ఇగ్నైటర్ అని చిన్న పెట్టె ఉంటుంది. రవ్వ ఎప్పుడు పుట్టాలో కాయిల్‌కు చెప్పేది అదే. దానికి వేరే ఎర్తు వైరు లేదు, దాని ఇనుప కాలు కారు బాడీకి తగిలి ఉండాలి. ఈయనగారు ఆ రెంటి మధ్యా రెండు కోట్ల రంగు వేసి కరెంటుకి దారి మూసేశాడు.

"గీకితే సరిపోద్ది," అన్నాడు. వరండాలోని బంతిపూల వైపు చూసి నీరసంగా మెట్టు మీద కూర్చున్నాడు. "ఇయ్యాల పనిముట్టు ముట్టుకోకూడదే."

నేను వంటింట్లోకి వెళ్లి కూరల చాకు తెచ్చాను. "దీన్ని ముట్టుకోవచ్చా?"

"ఓ, బేషుగ్గా. అది వంటింటిది కదా, పనిముట్టు కాదు."

ఆ మాట నాకు చురుక్కున తగిలింది. అప్పటికి మాత్రం కారే ముఖ్యం. విప్పీ బిగించీ విసిగి మా ఆయన ఇగ్నైటర్ బోల్టులు చేత్తోనే తిప్పి వదిలేశాడు కాబట్టి అవి చేత్తోనే ఊడివచ్చాయి. కింద రంగంతా ఇనుము మెరిసేదాకా నేనే గీకాను. బిశ్వజిత్ మళ్లీ చేత్తోనే బిగించాడు. తాళం నేనే తిప్పాను. ఒక్క దగ్గు దగ్గి ఇంజను అందుకుంది. సంతోషం పట్టలేక కాలనీ చుట్టూ ఒక రౌండు వేసి వచ్చాను.

దిగగానే చాకు కడిగి మా ఆయన చేతిలో పెట్టాను.

"దీనికీ బొట్టు పెట్టండి."

"దీనికెందుకే?"

"కారుని బతికించింది ఏటి? మీ పానాలా?"

బిశ్వజిత్ నవ్వు ఆపుకోలేకపోయాడు. మా ఆయన గొణుక్కుంటూనే చాకుకి కుంకుమ పెట్టి, పువ్వు తగిలించి, పానాల పక్కన పడుకోబెట్టాడు. నేను చేతులు కడుక్కుని ఆయన పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.

కాసేపటికి ఆయన అడిగాడు, "వంటేటి ఇయ్యాల?"

"ఇంకేటి వంట? పూజయిపోయింది కదా. రేప్పొద్దుటి దాకా ముట్టుకోకూడదు."

ఆయన చాకు వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత లేచి లోపలికెళ్లి, జయపురంలో భోజనానికి వెళ్లడానికి చొక్కా మార్చుకుని వచ్చాడు.