చిట్టచివరి పేజీ

"ఆఁ అమ్మా, మీరు నొక్కింది పాత లింకు. కొత్తది పంపుత, జర ఆగున్రి" అంటూనే కరుణాకర్ ఒంటిచేత్తో బండికి స్టాండు వేశాడు. భుజానికీ చెవికీ మధ్య ఫోను. ఆ ఒరుగుడుకే అలవాటుపడ్డ మెడ, ఫోను లేనప్పుడు కూడా కొంచెం ఎడమకే వాలి ఉంటుంది. నలభై ఏడేళ్ళ మనిషి. పలచబడ్డ జుట్టు, కాలరు దగ్గర అరిగిన చొక్కా. నాచారంలో మసాలా ఫ్యాక్టరీ పక్క మేడమీద ఆఫీసు. మెట్లెక్కేటప్పుడు ధనియాల ఘాటుకు రోజూ తుమ్ముతాడు.

అతని పని ఒక ల్యాబు వెబ్‌సైటు. ఎవరో లింకు నొక్కుతారు. ఆ అడ్రసు రక్తపరీక్షదా, ఎక్స్‌రేదా, బిల్లుదా అని సైటును నడిపే ఫ్రేమ్‌వర్కు చూసుకుని, ఆ రకానికి రాసిన స్క్రిప్టును, అంటే చిన్న ప్రోగ్రామును, పిలుస్తుంది. అది పేజీని తయారుచేసి చూపిస్తుంది. ఆ రకానికి స్క్రిప్టు లేకపోతే దాని పై రకానిది, అదీ లేకపోతే ఇంకా పైది. ఎక్కడా కుదరనివన్నీ చిట్టచివరి స్క్రిప్టు మీద వచ్చి పడతాయి. అది కరుణాకర్ రాసిందే. 'పేజీ దొరకలేదు, ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని రాసి, పరీక్షించడానికి తన నంబరే పెట్టాడు మహానుభావుడు. తీయడం మరిచాడు. సైటు జనంలోకి వెళ్ళిపోయింది. తర్వాత తీసేస్తానంటే ఓనరు జనార్ధనరావు నవ్వి, "ఉండనివ్వవయ్యా, హెల్ప్‌లైన్ అని చెప్పుకుందాం" అన్నాడు. నంబరు మారుద్దామంటే బ్యాంకు, ఆధార్, గ్యాసు అన్నీ దానికే. ఇంకేముంది, ఇరుక్కుపోయాడు. మరదలి పెళ్ళిలో తలంబ్రాలు పోస్తుంటే కూడా ఎవరిదో థైరాయిడ్ రిపోర్టు వెతుకుతూ కూర్చున్నాడు.

ఇవాళ మాత్రం తేల్చుకోవాలి. పోచారంలో కొత్త ఉద్యోగం. వస్తాడో రాడో సాయంత్రంలోగా చెప్పమన్నారు. పొద్దున టిఫిన్ డబ్బా చేతికిస్తూ భార్య దీప అంది: "ఇయ్యాల గూడ నాన్చినవనుకో, నేనీ ఇంట్ల ఉండ. ఆ ఫోన్‌తోనే కాపురం జెయ్యి." అరవలేదు. అందుకే అతనికి భయమేసింది.

ఉద్యోగం మానేస్తున్నానంటే జనార్ధనరావు తల కూడా ఎత్తలేదు. "వెళ్ళవయ్యా, ఎవరు పట్టుకున్నారు నిన్ను? నీ పేజీ తీసేసి వెళ్ళు."

తీసేశాడు. ఫోను మూగబోయింది. చాలా ఏళ్ళకు మధ్యలో లేవకుండా అన్నం తిన్నాడు. దీపకు ఫోన్ చేసి, "అయిపోయింది. పోతున్న" అన్నాడు.

"నిజమేనా? అయితే కొత్త చొక్కా తెస్త" అంది దీప. ఆ గొంతులో సంతోషం విని ఎన్నాళ్ళయిందో!

కాసేపటికి చెంగిచెర్ల నుంచి రుక్కమ్మ ఫోను. షుగరు మనిషి. పాత లింకే నొక్కుతుంది, ఆనక ఎప్పుడో దాచుకున్న నంబరుకు, ఇతనికే చేస్తుంది. "బిడ్డా, గిదేంది! నాదొక్కదే గాదు, ఎవరెవరి పేర్లో, ఎవరెవరి రోగాలో అన్ని కనవడుతున్నయ్."

కరుణాకర్ తనూ ఆ లింకు తెరిచి చూశాడు, నిజమే. చివరిది తీసేస్తే దారి మూసుకుపోతుందనుకున్నాడు. మూసుకోలేదు. మనుషులు రాసింది ఏదీ లేకపోతే ఫ్రేమ్‌వర్కు తన సొంత స్క్రిప్టుతో లోపలున్నదంతా ఉన్నదున్నట్టు కుమ్మరిస్తుంది. ఇన్నేళ్ళ పనిలో ఆ సంగతే మరిచాడు. గబగబా పేజీ తిరిగి పెట్టాడు. నంబరు దగ్గర మాత్రం జనార్ధనరావుది కొట్టాడు.

"అమ్మా, నేను పోతున్న. ఇంక మా సారుకు చెయ్యి" అని ఆ నంబరు చెప్పాడు.

"గాయన ఎత్తుతడా?" అని రుక్కమ్మ పెట్టేసింది.

అద్దాల గదిలో జనార్ధనరావు ఫోను మోగింది. ఆయన చూశాడు. బోర్లా తిప్పి పెట్టాడు. మళ్ళీ మోగింది. ఆయన టీ తాగుతున్నాడు.

కరుణాకర్‌కు ఒళ్ళు మండింది, ఆయన మీద కాదు, తనమీద. చేతగాని సన్నాసి అని తిట్టుకుంటూనే ఆ నంబరు చెరిపి తనది కొట్టాడు. సాయంత్రం పోచారం వాళ్ళు రెండుసార్లు చేశారు. అందరి ఫోన్లూ ఎత్తేవాడు అది ఎత్తలేదు. దీపకు మాత్రం తనే చేసి, "ఇయ్యాల కుదరలే దీపా" అన్నాడు. ఆమె ఫోను పెట్టేసింది.

ఉప్పల్‌లో ఇంటికి తాళం. కింది వాటా శారదమ్మ తాళంచెవి తెచ్చిచ్చింది. "నారపల్లి అక్కింటికి వోయింది. అన్నం వండి పెట్టిందట, తినుమన్నది."

లోపలికెళ్ళి లైటు వేశాడు. జేబులో ఫోను మోగింది. మెడ ఎడమకు వాలింది. "ఆఁ, చెప్పున్రి" అన్నాడు.

కుర్చీ మీద కొత్త చొక్కా ఉంది, కాలరు కింద అట్ట, గుండుసూదులు కూడా తీయకుండా.