తెల్లదారం, సుడిదోమ

బళ్లారి గాంధీనగర్‌లో బస్సు కదిలేముందు సుదర్శన్ మేష్ట్రు అందరి చేతులకూ తెల్లదారం కట్టారు. అక్కడి కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఆదివారాలు ఇంట్లో ధ్యానం నేర్పుతారు. ఏటా వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని బౌద్ధ క్షేత్రాలకు వెళతారు. ఈసారి మొదటిరోజు నిట్టూరు, ఉడేగోళం బండల మీది శాసనాలు. రెండోరోజు ఎర్రగుడి. ఆ తర్వాత అమరావతి.

"దారం ఉన్నన్నాళ్లు చంపొద్దు, చంపించొద్దు, చంపితే మేలాయ అనొద్దు. తిరిగొచ్చినాంక నేనే విప్పుతా" అన్నారు.

శ్రీమన్నారాయణ చెయ్యి చాచాడు. సిరిగేరి దగ్గర క్యాంపులో ఆయనకు ఆరెకరాల వరి ఉంది. కాలువ వచ్చిన కొత్తలో ఆయన తండ్రి కృష్ణ ఒడ్డునుంచి వచ్చి ఆ భూమి కొన్నాడు. అలా వచ్చినవాళ్ల ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. శ్రీమన్నారాయణ పుట్టింది అమరావతి పక్క ఊళ్లో. చిన్నప్పుడు వచ్చేశాక మళ్లీ అటు వెళ్లలేదు. యాత్రకు పేరిచ్చింది అమరావతి కోసమే.

బస్సు సిరిగేరి దారిన పోతుంటే భార్య హనుమాయమ్మ కిటికీలోంచి చూసింది.

"చీకటితో లేచి బళ్లారి పోయింది, మళ్లీ మన చేల మీదుగా రావడానికా? ఇక్కడే ఎక్కితే పోయేది."

"దారం అక్కడ కట్టారుగా."

"నీ దారం పోస్టులో పంపేవాళ్లులే."

ముందు సీట్లో మేష్ట్రు నవ్వారు. శ్రీమన్నారాయణ తన మడి వైపు చూశాడు. వరి పాలు పోసుకునే దశలో ఉంది. రోడ్డు మీదికి తేడా ఏమీ కనబడలేదు.

ఉడేగోళంలో బండ చుట్టూ అందరూ కూర్చున్నప్పుడు ఫోను మోగింది. మోహన్‌కృష్ణ. శ్రీమన్నారాయణ అక్క కొడుకు. పక్క మడి అతనిదే.

"మామయ్యా, వరికి సుడిదోమ దిగిండాది. దుబ్బు విడదీస్తే కింద నల్లగా ఉండాది. రేపు పొద్దున డ్రోన్ వస్తాది, అందరం ఒకేసారి మందు కొట్టిస్తాండాం. నీ మడి కూడా కొట్టించేదా? ఊ అను చాలు."

శ్రీమన్నారాయణ తన చేతి దారం చూసుకున్నాడు. దోమను వదిలేస్తే వారంలో చేను ఎండుతుంది. ఊ అంటే చంపించినట్టు.

"సిగ్నల్ సరిగా లేదురా" అని ఫోను ఆపేశాడు.

"సిగ్నల్‌కేం, నాక్కూడా వినబడింది" అంది హనుమాయమ్మ.

"ఉండనీ. నేను కొట్టమనలేదు, వద్దనలేదు."

ఆమెకు అర్థమైంది. క్యాంపులో నీళ్ల వంతులు మాట్లాడుకునేటప్పుడు పెద్దవాళ్లు నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. మోహన్‌కృష్ణ ఆ పద్ధతిలోనే పెరిగాడు.

"అయితే దోమల పాపం వాడికా?"

"బస్సెక్కు ముందు."

మర్నాడు ఎర్రగుడిలో మేష్ట్రు ఒక బండ దగ్గర ఆగి, దాని మీదున్నది తెలుగులో చెప్పారు. వెనుక, దీన్ని రాయించిన రాజుగారి వంటశాలలో కూరకోసం రోజూ లక్షల ప్రాణాలు చంపేవారు. ఈ శాసనం వేసేనాటికి మూడే చంపుతున్నారు: రెండు నెమళ్లు, ఒక జింక. జింకనూ రోజూ కాదు. ఇకమీదట అవీ చంపరు.

"నోడప్పా, ఆ మూడిటి మాట రాయకుంటే అడిగేటోడెవడు?" అన్నారు మేష్ట్రు. "ఇంకా చంపుతానే ఉండామని తనే రాతిమీద రాయించినాడు. నాకు అందుకే ఈ శాసనం అంటే ఇష్టం."

శ్రీమన్నారాయణ పక్కకు వెళ్లి ఫోను ఆన్ చేసి మోహన్‌కృష్ణకు కలిపాడు.

"అయిందిరా?"

"అందరివీ కొట్టించినాం మామయ్యా. నీది వదిలేసినాం."

"ఏంది? ఎందుకు?"

"నువ్వు దీక్షలో ఉండావు గదా. మాల వేసుకున్నోళ్లింట్లో కోడిని కోస్తామా?"

"మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే కదరా!"

"అది నీళ్లకు గదా. దీక్షకు యాడన్నా ఉందా? డ్రోన్ పిల్లోడు కూడా అయ్యో దీక్షనా అని మీ గట్టు దాటలేదు. మా చేలల్లో దోమ కూడా నీ దాంట్లోకి వచ్చినట్టుండాది. నడిమధ్యన గుండ్రంగా ఎండి సుడి పడిండాది. డ్రోన్ ఇంకా సిరిగేరిలోనే ఉంది. ఊ అంటే సాయంత్రానికి కొట్టిస్తా."

"ఉండు" అన్నాడు శ్రీమన్నారాయణ.

మేష్ట్రు దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఫోను ఎందుకు ఆపేశాడో కూడా చెప్పాడు. హనుమాయమ్మ పక్కనే ఉంది.

"ఏం చెయ్యమంటారు మేష్ట్రూ?"

"నేను చెప్పనప్పా. చేను పోతే నువ్వు కదా తినకుండా ఉండేది."

శ్రీమన్నారాయణ చెయ్యి ముందుకు చాచాడు. "విప్పేయండి. వాడి చేత కొట్టించను. నేనే పోయి కొడతాను."

"అమరావతి?" అంది హనుమాయమ్మ.

"నువ్వు పో."

"ఇంత దూరం వచ్చి? ఊ అంటే అయిపోయేదానికి?"

"నిన్న అనకుండానే అయిపోవాలని చూశాను. ఇంక వాడి మీద పెట్టను."

మేష్ట్రు ముడి విప్పి దారం జేబులో వేసుకున్నారు. "ఆయ్తప్పా, అట్లే కానీ. కోతలైనాంక గాంధీనగర్‌కు రా. మళ్లా కడతా."

"మూతికి తువ్వాలు కట్టుకో" అంది హనుమాయమ్మ. "గాలికి ఎదురుపోవద్దు. పోయినేడు పోయి రెండ్రోజులు కక్కావు."

ఆయన డ్రోన్ వద్దు, తానే వస్తున్నానని మోహన్‌కృష్ణకు ఫోనులో చెప్పి, ఆటోలో గుత్తికి వెళ్లి బళ్లారి బస్సెక్కాడు. క్యాంపుకు చేరేసరికి పొద్దుగూకింది. మోహన్‌కృష్ణ గట్టుమీద ఎదురుచూస్తున్నాడు.

"యాత్ర నడుమలో వచ్చేస్తే ఏమన్నా అవుతాదేమో మామయ్యా."

"అయ్యేది ఇక్కడ అయ్యింది కదరా. నీ బ్యాటరీ పంపు ఇవ్వు."

"నేను కొడతాలే."

"పంపు ఇవ్వు చాలు."

ఆ పూటే మడిలో నీళ్లు తీసేశాడు. తెల్లారాక తువ్వాలు కట్టుకుని దిగాడు. దోమ ఆకుల మీద ఉండదు, దుబ్బు మొదట్లో ఉంటుంది. కర్రతో వరుసలు విడదీస్తూ మొదళ్లకు తగిలేలా కొట్టుకుంటూ పోయాడు. మందు తగిలినచోట దోమ బురద మీద రాలింది. సుడి దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగింది. పంపు ఆపి గట్టెక్కి, చెయ్యి తుడుచుకుని తీశాడు.

"అమరావతిలో ఉన్నాం" అంది హనుమాయమ్మ. "స్తూపం అంటే దిబ్బేనయ్యా. చుట్టూ నాలుగు రాళ్లు పెట్టారు. నీ ఊరు బస్సులోంచి చూశాను. దిగనియ్యలేదు."

"ఎలా ఉంది?"

"ఊరు ఊరులాగే ఉంది. రోడ్డు వారగా పత్తి వేశారు. వరి కనబడలేదు."

ఆయన గట్టుమీద కూర్చున్నాడు.

"మేష్ట్రు అడుగుతున్నారు, కొట్టావా అని."

"సగం అయింది. ఇంకా కొడుతున్నానని చెప్పు."

ఫోను చొక్కా జేబులో పెట్టి, పంపు భుజానికి ఎత్తుకుని, ఆపినచోట మళ్లీ దిగాడు.