వదంతులొచ్చిన ఊరు

కోడికూర తింటే మనిషి బతకడన్న మాట పెద్దమందడి దగ్గరి ఒక ఊళ్లో, రెండువేల ఆరులో బర్డ్ ఫ్లూ భయం రాగానే గుప్పుమంది. జనం బలిసిన పుంజుల్ని కూడా పట్టుకుపోయి దిబ్బల్లో పాతేశారు. అది చూసి మండలాఫీసు వాళ్లు డప్పు యేసయ్యకు ఒక కాగితం పంపారు. అందులో ఉన్నది ఒక్క వాక్యమే: ప్రజలు వదంతులను దరిచేరనీయరాదు.

యేసయ్య గొంతు చెరువు అవతలికి వినబడుతుంది. పదిహేనేళ్లుగా చాటింపు వేస్తున్నాడు గానీ, అడిగినదానికి తెలియదని ఏనాడూ అనలేదు. అదే అతని గర్వం, అతని రోగం కూడా. కాగితం చదివి డప్పు ఆపగానే, అరుగు మీద కూర్చున్న భాగ్యమ్మ వదంతులంటే ఎవరని అడిగింది.

యేసయ్య డప్పు భుజాన వేసుకుంటూ తడుముకోకుండా చెప్పాడు.

"పట్నం దిక్కుకెల్లి వస్తరవ్వా. మంచి బట్టలేసుకోని తియ్యగ మాట్లాడుతరు. జర పైలం."

పొద్దుగూకేసరికి వదంతులకు చేతిసంచులు వచ్చాయి. కోళ్లకు మందు పెట్టేది వాళ్లేనని తేలింది. పక్కవీధి నాగన్న వాళ్లను కళ్లారా చూశానన్నాడు. ఆ కబురు చుట్టూ తిరిగి తన దగ్గరికే వచ్చినప్పుడు, యేసయ్య కూడా నమ్మేశాడు. తలుపుకు గడియ పెట్టుకున్నాడు.

మర్నాడు మండలాఫీసు నుంచి సుహాసిని అనే కొత్త ఉద్యోగిని బస్సు దిగింది. బాగా ఉడికిన కోడికూరతో ప్రమాదం లేదని జనం ముందు తిని చూపించడానికి, సంచిలో కూర గిన్నె తెచ్చుకుంది. చక్కటి చీర, చేతిలో సంచి, తియ్యటి మాట. ఇంకేం కావాలి? ఆమెను పంచాయతీ గదిలో పెట్టి గొళ్లెం వేసి, ఆనవాలు పట్టమని యేసయ్యను పిలిచారు.

అతను కిటికీ దగ్గరికి పోయేసరికి, ఆమె ఆకలికి ఆగలేక ముక్క కొరుకుతోంది. మీరు వదంతేనా మేడం అని మర్యాదగానే అడిగాడు. ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"వదంతంటే మనిషి కాదయ్యా. ఎవరో ఒకరు లేనిది పుట్టిస్తే, నిజమో కాదో చూడకుండా అందరూ ఒకరికొకరు చెప్పుకునే మాట."

యేసయ్య కిటికీ చువ్వలు పట్టుకుని ముందుకు వంగాడు.

"అంటే నిన్న నేను చెప్పిందే కదా మేడం?"

ఆమె తలూపింది. అతని మొహం నల్లబడింది. జనం ఊరుకోరని తెలిసినా, గొళ్లెం తీసి ఆమెను బయటికి తీసుకొచ్చాడు. డప్పు జోలికి పోలేదు.

"గా మాటకు అర్థం నాకు తెల్వదు. తెల్వదని చెప్పనీకి సిగ్గయి గట్ల చెప్పిన. తప్పు నాది," అన్నాడు.

కళ్లారా చూసిన నాగన్న మెల్లగా జారుకున్నాడు. కొందరు తిట్టారు, కొందరు పడీపడీ నవ్వారు. భాగ్యమ్మ మాత్రం చెంబుతో నీళ్లు తెచ్చి సుహాసినికి ఇచ్చి, గిన్నెలోకి తొంగిచూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ముక్కలేమన్న మిగిలినయా బిడ్డా?"