వెలగని టెస్టరు

“వాడెలాగూ తిరిగిరాడు. ఉన్నవాడినన్నా బాగుపడనివ్వు,” అంది అత్త. పొద్దున్నుంచి ఆ ఇంట్లో ఇదే మాట తిరుగుతోంది.

“బాగుపడితే నాకేం కడుపుమంటా? నా మొగుడి పేరు తొక్కుకుంటూ పైకెక్కడం దేనికని?” పెద్దకోడలు గిన్నె అడుగున మాడు గోకుతూనే ఉంది. ఆ గోకుడులోనే కోపమంతా వినబడుతోంది.

“పేరు అన్నం పెడుతుందా?”

“పెట్టదు. అయినా తప్పు ఆయనదేనని నా నోటితో అనను.”

“నువ్వు అనక్కర్లేదు. కన్నదాన్ని నేను అనిపిస్తాను.”

“అబ్బ, మెల్లగా అత్తయ్యా! పక్కింటివాళ్లు టీవీ ఆపేసి మరీ వింటున్నారు,” అంది చిన్నకోడలు తలుపు దగ్గరగా వేస్తూ.

ఆ ఇంటి పెద్దకొడుకు మిల్లులో వైర్‌మన్. పోయిన నెల నేతషెడ్డులో ప్యానెల్ పెట్టె తెరిచి, టెస్టరు పెట్టి చూసి, వైరు పట్టుకుని, పట్టుకున్నట్టే చచ్చిపోయాడు. ఇవాళ పొద్దున్నే కాంట్రాక్టరు ఇంటికొచ్చాడు. ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. రేపు విచారణకు ఆఫీసరు వస్తాడు. టెస్టరు పెట్టకుండా చెయ్యి పెట్టాడని ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే, అదే మిల్లులో వైర్‌మన్‌గా ఉన్న చిన్నకొడుకుని సూపర్‌వైజర్ని చేస్తాడు. ఒప్పుకోకపోతే వాడికి గేటు లోపల పని ఉండదు. ఇదంతా నవ్వుతూనే చెప్పి వెళ్లాడు.

“అన్న టెస్టరు పెట్టాడమ్మా,” అన్నాడు చిన్నోడు. “నేను పక్కనే ఉన్నాను. వెలగలేదు. ‘లేదురా’ అన్నాడు. ఆ మాట అన్న నోరు మూతపడకముందే...”

గోడవైపు తిరిగి పడుకున్న మామ దుప్పటి తలమీదికి లాక్కున్నాడు.

“నా మీద ఒట్టు. రేపు పెట్టలేదనే చెప్పు,” అంది తల్లి. “ఆ షెడ్డు నేల నేను తొక్కలేను. నా మాటగా నువ్వే చెప్పు.”

పెద్దకోడలు గిన్నె కింద పెట్టింది. “టెస్టరు పాడైపోయిందా?”

“లేదు వదినా. ఇప్పటికీ వెలుగుతోంది. నా జేబులోనే ఉంది.”

“మరి మనిషిని చంపేంత కరెంటు ఉన్నప్పుడు ఎందుకు వెలగలేదు?”

నెలరోజులుగా ఆ ఇంటికి ఎంతమందో వచ్చి ఏడ్చిపోయారు. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. “సాయంత్రం గదికి రా వదినా, అందర్నీ అడుగుదాం,” అన్నాడు చిన్నోడు.

ఆ సాయంత్రమే మిల్లు వెనక కార్మికుల గదిలో అందరూ చేరారు. వైర్‌మన్‌లు, మగ్గాలవాళ్లు, దారం చుట్టే ఆడవాళ్లు. పెద్దకోడలు గడపలో నిలబడి అదే ప్రశ్న అడిగింది.

“వెలుతురులో కనబడి ఉండదు. చిన్న ఎర్రదీపమే కదా,” అన్నాడొకడు.

“మన షెడ్డులో వెలుతురెక్కడిది? నీ మొహమే కనబడదు.”

“కనబడకపోవడమే మంచిదిలే ఆ మొహం,” అందో దారం చుట్టే అమ్మాయి. ఎవరూ గట్టిగా నవ్వలేదు.

“ఇంట్లో వట్టికాళ్లతో ముట్టుకుంటేనే షాకు కొడుతుంది. ఆ రోజు ఆయన కాళ్లకేం వేసుకున్నాడు?” అడిగింది పెద్దకోడలు.

“కాంట్రాక్టరు ఇచ్చిన కొత్త రబ్బరు బూట్లు. చెక్కబల్ల మీద నిలబడ్డాడు,” అన్నాడు చిన్నోడు.

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. అక్కడున్న ప్రతి వైర్‌మన్‌కీ తెలిసిన సంగతే అది. టెస్టరు వెనక వేలు పెడితే, మన ఒంట్లోంచి రవంత కరెంటు నేలలోకి దిగుతుంది. అలా దిగితేనే దీపం వెలుగుతుంది. తెలుసు. కానీ టెస్టరునీ బూటునీ ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

“బూట్లు తొడుక్కుని బల్లెక్కితే అది ఎక్కడికి దిగుతుందిరా?” అన్నాడు మోటార్లకు తీగ చుట్టేవాడు.

వెంటనే చూశారు. చిన్నోడు బూట్లతో బల్లెక్కి, ఫ్యాను నడుస్తున్న బోర్డులోనే పక్క ప్లగ్గులో టెస్టరు పెట్టాడు. దీపం వెలగలేదు. దిగి, బూట్లు విప్పి, నేలమీద నిలబడి మళ్లీ పెట్టాడు. వెలిగింది.

ఒకతను తన బూట్లు విప్పి మూలకి విసిరేశాడు.

“వేసుకోరా తిక్కలోడా! బూటు మనల్ని కాపాడేదే. అబద్ధమాడింది టెస్టరు. అన్న రెండో చెయ్యి పెట్టె ఇనప తలుపు మీద ఉంది, కరెంటు అటునుంచి నేలలోకి దిగింది,” అన్నాడు చిన్నోడు.

అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చింది. రెండు మొనల టెస్టర్లు ఇమ్మని వాళ్లు ఎన్నోసార్లు అడిగారు. దానికి మన ఒంటితో పని లేదు. ఒక మొన వైరుకి, ఇంకోటి న్యూట్రల్‌కో ఎర్త్‌కో పెడితే ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. ముందు కరెంటున్న చోట పెట్టి అది పనిచేస్తోందని చూసుకోవాలి, తర్వాత మన వైరు మీద పెట్టాలి, ఆపైన మళ్లీ కరెంటున్న చోట చూడాలి. ఈలోపు అదే చచ్చి ఉంటే మనకెలా తెలుస్తుంది? మెయిన్ స్విచ్చి తీసేసి, మళ్లీ ఎవరూ వెయ్యకుండా ఎవరి తాళం వాళ్లు వేసుకోవాలి. ఏ మెయిన్ ఏ ప్యానెల్‌దో పలక రాసి ఉండాలి. పెద్దోడు తీసిన మెయిన్ పక్క ప్యానెల్‌ది. పలకలు లేవు.

“రెండు మొనలది ఒకటుంది కదా, సూపర్‌వైజరు గదిలో!”

“ఉంది, అద్దాల బీరువాలో. ఆఫీసర్లు వచ్చినప్పుడు చూపించడానికి.”

“ఆ కాంట్రాక్టర్ని ఆ ప్యానెల్‌కే కట్టేద్దాం,” అన్నాడు చిన్నోడు.

“నా కడుపులోనూ అదే ఉంది,” అంది పెద్దకోడలు. “కానీ ముందు వాడి చేత ఒక పని చేయించాలి.”

మర్నాడు షెడ్డులో మగ్గాల మధ్య జనం కిక్కిరిసి నిలబడ్డారు. పెద్దకోడలు ముందు వరసలో ఉంది. కాంట్రాక్టరు పెద్దోడి టెస్టరునే చిన్నోడి దగ్గర తీసుకుని, ప్లగ్గులో పెట్టి ఆఫీసరుకి చూపించాడు. నేలమీద నిలబడ్డాడు కాబట్టి భేషుగ్గా వెలిగింది.

“మంచి సరుకే ఇచ్చాం సార్. వాడే తొందరపడ్డాడు. కావాలంటే వాళ్ల తమ్ముణ్ణి అడగండి.”

“మీ అన్న టెస్టరు పెట్టాడా?” అడిగాడు ఆఫీసరు.

చిన్నోడికి తల్లి పెట్టిన ఒట్టు గుర్తొచ్చింది. అన్న చివరిసారి తెరిచిన ప్యానెల్ పెట్టె వైపు తిరిగాడు.

“పెట్టాడు సార్. ఎలా పెట్టాడో ఈ సార్ చూపిస్తారు.”

బల్ల వచ్చింది. కొత్త బూట్లు వచ్చాయి. కాంట్రాక్టరు వెనక్కి చూశాడు. వెనక దారి లేదు, మనుషులున్నారు. ఆఫీసరు ముందు కాదనలేక బూట్లు తొడుక్కుని బల్లెక్కాడు. కరెంటున్న ప్యానెల్‌లో టెస్టరు పెట్టాడు.

“వెలగలేదు!” అన్నారు జనం.

“అంటే కరెంటు లేదు. పట్టుకోండి సార్,” అన్నాడు చిన్నోడు. “రెండో చెయ్యి ఇనప తలుపు మీద వెయ్యండి. మా అన్న అలాగే వేశాడు.”

కాంట్రాక్టరు దిగబోయాడు. అప్పటికే పెద్దకోడలు బల్లెక్కింది. రోజూ బిందెలు మోసి, బట్టలు పిండిన చెయ్యి అది. వాడి మణికట్టు దొరకబుచ్చుకుని పెట్టెలోకి లాగింది.

“పట్టించమ్మా! పట్టించు!” షెడ్డంతా అరిచింది.

వైరుకీ వాడి వేళ్లకీ మధ్య జానెడు దూరముంది.

“వదులు! కరెంటుంది! కరెంటుంది!”

“టెస్టరు లేదంటోంది కదా?”

“అది చెప్పదే! బూట్లేసుకుంటే అది చెప్పదు! నాకు తెలుసు!”

ఆఫీసరు రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. జనం కూడా ఆగిపోయారు. నాకు తెలుసు. తెలిసే ఇచ్చాడు. తెలిసే ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని నవ్వాడు.

ఆమె ఇంకాస్త లాగింది. వాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పుడు వదిలింది.

“చంపడం చేతకాక వదిలాననుకోకు. ఆ మాట నీ నోట్లోంచి రావాలి, వచ్చింది.”

చిన్నోడు వెళ్లి మెయిన్ తీసి తాళం వేశాడు. అది చూసి అవతలి షెడ్డు వైర్‌మన్ తన మెయిన్ తీశాడు. ఒక్కొక్క షెడ్డూ చీకటైంది. రెండు మొనల టెస్టరు ప్రతి చేతికీ వచ్చేదాకా ఏ పెట్టే తెరిచేది లేదని, ఏ మగ్గమూ తిప్పేది లేదని మగ్గాలవాళ్లూ దారం చుట్టేవాళ్లూ వైర్‌మన్‌లతో కలిసి గేటు ముందు కూర్చున్నారు.

పోలీసులొచ్చారు. హత్యాయత్నమన్నారు. చెయ్యి పట్టుకున్నదెవరని అడిగారు. ఆడది పట్టుకుందని చెప్పుకోవడానికి కాంట్రాక్టరుకి నామోషీ అయింది.

“వీడే,” అని చిన్నోణ్ణి చూపించాడు.

“అవును, నేనే,” అన్నాడు చిన్నోడు. పెద్దకోడలు నోరు తెరిచేలోపే వ్యాను ఎక్కించారు. గేటు ముందు కూర్చున్నవాళ్లు ఒక్కరూ లేవలేదు.

దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరి ఆమె జరిగిందంతా చెప్పింది. అత్త తిడుతుందని ఎదురుచూసింది. అత్త తిట్టలేదు.

“వాడి నోటితోనే అన్నాడా? తెలుసనే అన్నాడా?”

“అన్నాడు అత్తయ్యా. అందరూ విన్నారు. పొద్దున్నే స్టేషన్‌కి పోయి పట్టుకుంది నేనని చెప్పేస్తాను. మరిదిని వదిలిపెడతారు.”

చిన్నకోడలు బొటబొటా కన్నీళ్లు కారుస్తోంది. అత్త లేచి అందరికీ కంచాలు పెట్టింది. మామ దుప్పటి తీసి, చెయ్యి పట్టి లేపి కంచం ముందు కూర్చోబెట్టింది. చిన్నకోడలి మొహం కొంగుతో తుడిచింది. అందరికీ వడ్డించాక తనూ కూర్చుంది.

“నువ్వొక్కదానివే పోతే నిన్ను లోపలేస్తారు. గేటు దగ్గర కూర్చున్నవాళ్లందరికీ కబురు పెట్టు. అందరం పోదాం. ఎవరికి వాళ్లం నేనే పట్టుకున్నానని చెబుదాం. ఎన్ని చేతులు పట్టుకుపోతారో చూద్దాం. ముందు నేను చెబుతాను,” అంది మెల్లగా.

“మీరక్కడ లేరు కదా అత్తయ్యా?”

“లేను. ఉంటే వదిలేదాన్ని కాదు. అది కూడా రాసుకోమంటాను. తినండి, పొద్దున్నే బయల్దేరాలి.”