నాలుగో మంచం ఎర్ర గడి

పదకొండు గంటలకు వార్డు కంప్యూటర్ తెరమీద నాలుగో మంచం ఎదుట ఎర్ర గడి వెలిగింది: తొమ్మిదింటి ఇంజక్షన్ ఇవ్వలేదని. పెద్ద సిస్టర్ తెరమీదికి వంగి మళ్ళీ చదివింది. అది రక్తాన్ని పలచబరిచే మందు. తను ఇచ్చినట్టే గుర్తు. అయితే ముప్పై ఏళ్లుగా రోజూ ఇస్తున్న మనిషికి నిన్నటి గుర్తేదో, నేటి గుర్తేదో! రెండోసారి ఇస్తే రక్తస్రావం కావచ్చు. ఇవ్వకపోతే రక్తం గడ్డకట్టవచ్చు.

“ఇచ్చేద్దాం అక్కా, కంప్యూటర్ అబద్ధం చెబుతుందా?” అంది చిన్న సిస్టర్, సిరంజి అందుకుంటూ.

“చెప్పదే తల్లీ. మనం చెప్పిందే అప్పజెబుతుంది. ముందు అది కింద పెట్టు.”

నాలుగో మంచం మామ్మను అడిగారు.

“పొద్దున పొడిచావుగా, మళ్ళీ ఏం సరదా?” అందావిడ.

కానీ మామ్మ నిన్న భోజనం పెట్టకముందే తిన్నానని కూడా చెప్పింది. పొట్టమీద సూది గుర్తులు రెండున్నాయి గానీ, వాటిమీద తేదీలు లేవు.

పెద్ద సిస్టర్ కుర్చీలో కూర్చుని ఉదయాన్ని మొదటినుంచి తిరగేసింది. ఇంజక్షన్ ఇచ్చాక కంప్యూటర్ దగ్గరికి రాగానే ఫోన్ మోగింది. ఏడో మంచం పెద్దాయన కూతురు. ఆమెకు జవాబు చెప్పడానికి ఆయన పేజీ తెరిచింది. ఫోన్ పెట్టేసి...

“ఏడో మంచం పేజీ తియ్యి. ఎవరు ఎప్పుడు ఏం రాశారో చూపించే మీట ఉంటుంది, కింద.”

“మీకెలా తెలుసక్కా? శిక్షణలో కునుకు తీశారుగా!”

“ఒక కన్నే మూశానే.”

తొమ్మిదీ పదికి ‘ఇచ్చాను’ అన్న నమోదు, పక్కన తన పేరు. అక్కడ రాసిన సీసా నంబరు మామ్మ ట్రేలోని ఖాళీ సీసామీది నంబరుతో సరిపోయింది. పెద్దాయనకూ అదే మందు, కానీ పన్నెండింటికి; ఈ నమోదు ఇలాగే ఉంటే, ఇచ్చేశారనుకుని ఆయన్ను వదిలేసేవారు.

“నాకింకా ఇవ్వలేదమ్మా. తొందరేం లేదు, మరిచిపోయినా ఏమీ అనుకోను,” అన్నాడాయన.

పెద్ద సిస్టర్ డాక్టరుకు ఫోన్‌లో జరిగిందంతా చెప్పింది. పెద్దాయన పేజీలోని ఆ నమోదును ‘పొరపాటు’ అని గుర్తించి, కారణం రాసింది.

“చెరిపేస్తే పోయేదిగా అక్కా?”

“చెరిపే వీలే ఉంటే, తప్పని ఎవరో ముందే చెరిపేసేవారు; ఇవాళ మనకు దొరికేది కూడా కాదు.”

మామ్మ పేజీలో నిజం చేరగానే ఎర్ర గడి ఆరిపోయింది. పన్నెండింటికి సూది దిగగానే పెద్దాయన “అబ్బా!” అన్నాడు. తనకు అంత హాయినిచ్చిన కేకను పెద్ద సిస్టర్ తన ఉద్యోగంలో ఎప్పుడూ వినలేదు.