పక్క సీటు మాట

కారు ర్యాలీ పందేల సీజన్ అయిపోయింది. వచ్చే ఏడాదికి ఒక్క డ్రైవర్నే ఉంచుకుంటానని ఓనరమ్మ చెప్పేసింది. మాకున్నది ఒకటే బండి. ఒక ర్యాలీకి ఒకరు, ఇంకో ర్యాలీకి ఇంకొకరు అని వంతులు వేసుకోవడంతో ఇద్దరికీ పాయింట్లు సగం సగమే వచ్చాయి.

నా పని ఆ బండిని లారీ మీదికి ఎక్కించి ర్యాలీ జరిగే చోటికి తీసుకుపోవడం. మాట్లాడే పని కాదు నాది. అయినా ఆ రోజు షెడ్డులోకి నన్నూ పిలిచారు. ఎవరు తోలినా పక్క సీటులో కూర్చునేది మా అమ్మాయే కదా. మిట్ట అవతల ఏముందో, మలుపు ఎంత వంపు తిరుగుతుందో ముందే రాసుకుని, బండి పరిగెడుతుంటే చదివి చెప్తుంది. డ్రైవరు దాన్నిబట్టి తోలాలి.

ఓనరమ్మ పాత టైర్ల మీద కూర్చుని మొదలుపెట్టింది.

"తూటా రెండు గెలిచాడు, ఒకసారి పల్టీ కొట్టించాడు. నిదానం ఒక్కటీ గెలవలేదు, కానీ ప్రతిసారీ గీత పడకుండా బండి తెచ్చి అప్పజెప్పాడు. ఏం చేద్దాం?"

తూటా, నిదానం అన్నవి జట్టులో వాళ్ళకి పెట్టిన పేర్లు. ఇద్దరూ బయట బండి కడుగుతున్నారు. తూటా ఈల వినిపిస్తూనే ఉంది.

"నన్నడిగితే నిదానమే మేడమ్," అన్నాడు బండి బాగుచేసే మేస్త్రీ. "ఆ తూటా వచ్చాక నా జుట్టంతా ఊడిపోయింది."

"నీకు అంతకుముందు మాత్రం ఏముందయ్యా?"

"ఉన్న ఆ నాలుగూ పోయాయి మేడమ్!"

"నిదానమే," అన్నాను నేను. ఎవరూ అడక్కముందే నేను నోరు విప్పేసరికి అందరూ తిరిగి చూశారు. పల్టీ కొట్టిన రోజు బండిలోంచి మా అమ్మాయిని బయటికి లాగింది నేను. ఒంటి మీద దెబ్బ లేదు. అయినా అప్పటినుంచి తూటా సీటులో కూర్చుంటే చాలు, బండి తిరిగొచ్చేదాకా దారి మీదే కళ్ళు పెట్టుకుని నిలబడుతున్నాను.

"నాన్నా, పందెంలో ఆ బండి పరిగెడుతుంటే లోపల ఎప్పుడైనా కూర్చున్నావా?" అంది అమ్మాయి.

"లేదు."

"నేను ఇద్దరి పక్కనా కూర్చున్నాను. మిట్ట మీద నేరుగా పొమ్మంటాను. నిదానం అన్నేమో, నా మాట నమ్మడు. నిజమేనా అన్నట్టు చూసి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తాడు. ఆ ఊపులో కాలు తీస్తే బండి వెనక భాగం పక్కకి లాగేస్తుంది. బయటినుంచి నీకు నెమ్మదిగా కనిపిస్తుంది. లోపల నాకు ప్రాణం గొంతులోకి వస్తుంది."

"మరి తూటా?" అంది ఓనరమ్మ.

"మెల్లగా అంటే మెల్లగా. పో అంటే పోతాడు. నా మాటకి ఎదురు లేదు."

"మరి పల్టీ?" అన్నాను.

"అది నా తప్పు నాన్నా. మలుపు ఆలస్యంగా చెప్పాను. మేడమ్‌కి అప్పుడే చెప్పేశాను. నీకే చెప్పలేదు, నిద్ర మానేస్తావని."

ఓనరమ్మ అవునన్నట్టు తలూపింది.

"మళ్ళీ ఆలస్యమైతే?" అన్నాను.

"ఇప్పుడు ఒక మలుపు ముందుగా చదువుతున్నాను. అలా చదవడం మొదలెట్టాకే ఆ రెండూ గెలిచాం."

ఏడాదంతా డ్రైవర్లనే చూశాను. పక్క సీటులోంచి ఎలా ఉంటుందని దాన్ని ఒక్కసారీ అడగలేదు.

"అయితే నిదానాన్ని పంపేయమంటావా?" అంది ఓనరమ్మ.

"అయ్యో, వద్దు మేడమ్! ర్యాలీకి ముందు దారి చూసొచ్చే మనిషి మనకి లేడు. ఎక్కడ బురదైంది, ఎక్కడ రాళ్ళు దొర్లాయి, అన్నీ చూసి నాకు చెప్పాలి. ప్రతి మలుపునీ అనుమానించేవాడే కావాలి దానికి."

"అబ్బో, వీడు దానికోసమే పుట్టాడు!" అన్నాడు మేస్త్రీ.

నిదానాన్ని పిలిచి చెప్పారు. తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ విన్నాడు.

"అంటే, గడియారం పెట్టి ఎవరూ తరమరా?"

"తరమరు."

"ఆగి, దిగి చూసుకోవచ్చా?"

"నీ ఇష్టం."

"రెండుసార్లు?"

"పది సార్లు చూసుకో అన్నా!" అంది అమ్మాయి. ఓనరమ్మ పకపకా నవ్వింది.

"గెలవాలి గెలవాలి అని అందరూ అంటుంటే సరే అన్నాను గానీ, నాకు ఇదే నచ్చేది," అన్నాడు నిదానం. ఆ ఏడాది అతని మొహం అంత తేటగా ఎప్పుడూ చూడలేదు.

ఓనరమ్మ నా వైపు తిరిగింది. "పెద్దాయనా, తండ్రివి నువ్వు. తూటా పక్కన కూర్చోబెట్టనా?"

"కూర్చునేది అది. దాన్నడగండి," అన్నాను.

అమ్మాయి నా భుజమ్మీద చెయ్యి వేసి తీసేసింది.

రంగు వేయించడానికి బండిని లారీ మీదికి ఎక్కించాక, లారీతో సందులోంచి వెనక్కి రావాలి. అటూ ఇటూ గోడలే. మామూలుగా అయితే నేను రెండు మూడుసార్లు దిగి చూసుకుంటాను. ఆ రోజు అమ్మాయి వెనక నిలబడింది.

"రా నాన్నా... ఇంకా... కొంచెం ఎడమకి... ఇంకా రా!"

గోడ తగులుతుందేమోనని నా కాలు బ్రేకు మీదికి పోతోంది. అద్దంలో దాని చెయ్యి ఇంకా రమ్మనే ఊపుతోంది. వచ్చాను.

"చాలు!"

ఆపాను. మేస్త్రీ కిటికీ దగ్గరికి వచ్చి, "ఏం బాబాయ్, ఇవాళ దిగలేదేం?" అన్నాడు.

"చెప్పింది కదా," అన్నాను.