చీటీల్లో కొమురయ్య పేరు

పొంగుకొస్తున్న పాలను చూసి కొమురయ్య కరెంటు పొయ్యి వేడి తగ్గించాడు. అల్లం దంచి అందులో వేశాడు. పొట్టి మనిషి. ఏళ్ల తరబడి ట్రే మోసి ఎడమ భుజం ఒక పక్కకు ఒరిగింది. పొద్దుట్నుంచీ ఆ చెయ్యి లాగుతోంది గాని, రోజూ ఉండే నొప్పే అనుకున్నాడు. హైటెక్ సిటీలోని ఆ అద్దాల భవనంలో, అందరికీ చాయ్ పెట్టే ఈ ఇరుకు ప్యాంట్రీలోనే అతని తల నెరిసింది.

ఏటా క్రిస్మస్‌కు ఆ ఆఫీసులో పేర్ల చీటీలు తీసి ఒకరికొకరు కానుకలు ఇచ్చుకునేవారు. ఒకరిని మించి ఒకరు ఖర్చుపెట్టేవారు. సంబరం ముగిశాక చినిగిన మెరుపు కాగితాలను సంచుల్లో కుక్కడం కొమురయ్య పని. ఈసారి టీమ్ లీడ్ ప్రియాంక పద్ధతి మార్చింది. ఎవరూ ఏదీ కొనకూడదు. ఇంట్లో ఉన్నది ఇవ్వాలి, లేదంటే చేత్తో ఏదైనా చేసిపెట్టాలి. ఖర్చు లేదు గనుక ఆ అంతస్తులో పనిచేసే అందరి పేర్లూ గిన్నెలో వేసింది.

ఆ మాట విన్న రోజు కొమురయ్య బిత్తరపోయాడు.

"నా పేరేంది మేడమ్? తప్పు పడ్డదేమో, జర చూడుండ్రి."

"తప్పేం లేదన్నా. మీరూ మాతోనే కదా పనిచేసేది."

అతనికి ప్రియాంక పేరున్న చీటీయే వచ్చింది. హఫీజ్‌పేట్‌లోని కిరాయి ఇంట్లో, పెట్టె అడుగు నుంచి నాయన నేసిన గొంగడి తీశాడు. భార్య రుక్కమ్మ నోరెళ్లబెట్టింది. "గొర్ల వాసనొచ్చే గొంగడి గా పిల్ల ముట్టుకుంటదా?"

ఇవాళ మధ్యాహ్నం అందరూ గుండ్రంగా కూర్చున్నారు. గొంగడిని ప్రియాంక రెండు చేతులా అందుకుంది. అక్కడే విప్పి భుజాల చుట్టూ కప్పుకుంది.

"మా జేజి, అదే మా నాయనమ్మ, ఇట్లాంటిదే కప్పుకుంటాండె," అంది.

కొమురయ్య చీటీ దినేష్‌కు వచ్చింది. నిరుడే ఉద్యోగంలో చేరిన ఇంజనీరు. వట్టి చేతులతో లేచి నిలబడ్డాడు.

"ఈరోజు చాయ్ నేను పెడతా. నువ్వు కూర్చోవాల అన్నా."

కొమురయ్య నిర్ఘాంతపోయాడు. తన పొయ్యి దగ్గర ఇంకొకరా! లేవబోతే ప్రియాంక భుజం పట్టి కూర్చోబెట్టింది. రోజూ తుడిచే ఆ మెత్తటి కుర్చీలో అతను కూర్చోవడం అదే మొదలు. ప్యాంట్రీలో గిన్నె కిందపడ్డ చప్పుడుకు అందరూ నవ్వారు. అతనికి మాత్రం నవ్వు రాలేదు. కళ్లు తడిశాయి. ఇంతకాలంలో తనకు ఎవరైనా చాయ్ అందించారా అని గుర్తుచేసుకోబోయాడు. ఒక్క ముఖమూ తట్టలేదు.

దినేష్ తెచ్చిన చాయ్‌లో చక్కెర ఎక్కువైంది. వడకట్టని పొడి తేలుతోంది. కొమురయ్య రెండు గుక్కలు తాగాడు.

"మస్తున్నది బిడ్డా," అన్నాడు. కప్పు బల్ల మీద పెట్టి వెనక్కి వాలాడు.

పాటలు మొదలయ్యాయి. కునుకు పట్టిందనుకుని ఎవరూ అతన్ని కదిలించలేదు. చివరికి దినేష్ వచ్చి, "ఇంకొంచెం పొయ్యనా అన్నా?" అంటూ చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా తగిలేసరికి ఉలిక్కిపడి వదిలేశాడు. చెయ్యి ఒడిలోకి జారిపడింది. ప్రియాంక పరుగున వచ్చి అతని భుజం కుదిపింది. ఎవరో పాట ఆపారు.

కొమురయ్య ఇక లేడని ప్రియాంక ఫోనులో చెబితే రుక్కమ్మకు మొదట అర్థం కాలేదు. "ఇయ్యాల కానుకిచ్చేదున్నదని కొత్తంగి తొడుక్కొని పోయిండు గదమ్మా!" అని అదే మాట మళ్లీ మళ్లీ అంది.

అంబులెన్సు వాళ్లు అతన్ని లిఫ్టులో దించుకుపోయారు. హాలు ఖాళీ అయింది. బల్ల మీద సగం మిగిలిన చాయ్ పైన మీగడ ముడతలు పడి, నెమ్మదిగా కప్పు అంచుకు అంటుకుంటోంది.